సంధ్యాపతంగం



ఈ టపాకు మకుటంగా ఉంచిన మాట మీకు ఏ నిఘంటువులోనూ కనబడదు. దానిని నేనే కట్టాను. తెలుగునేల మీద ఎన్నడూ ఎగరని, ఇక ఎక్కడా ఎగరబోని ఒక ప్రాణికి ఈ పేరు. లేని దానికి పేరెందుకని ఎవరైనా అడగవచ్చు. మా ఇంట్లో ముందే అడిగారు. సమాధానం కొంచెం పొడుగు. తీరిక చేసుకుని చదవమని మనవి.

కరీబియన్ సముద్రంలో జమైకా అనే దీవి ఉంది. క్రికెట్ చూసేవారికి ఆ పేరు కొత్తది కాదు. ఆ దీవిలో మాత్రమే ఉండి, పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో కనుమరుగైపోయిన కీటకం ఒకటి ఉండేది. శాస్త్రజ్ఞులు దానిని యురేనియా స్లోనస్ అంటారు. గ్రీకుల పురాణాలలో విద్యాధిదేవతలు తొమ్మండుగురు. వారిలో ఖగోళవిద్యకు అధిదేవత యురేనియా. ఆ మాటకు ‘దివ్యమైనది’, ‘ఆకాశసంబంధమైనది’ అని అర్థం. పేరులోని రెండవ భాగం మనిషిది. ఆ మనిషి సంగతి తరువాత చెబుతాను.

మొదట రూపం చెప్పాలి. ఎందుకంటే దాని విషయంలో ఇవాళ మనకు పూర్తిగా దక్కినది అదొక్కటే.

నల్లని మఖమలు గుడ్డ ఊహించుకోండి. నిగనిగలాడని, వెలుతురును మింగేసే నలుపు. ఆ నలుపు మీద, ముందు రెక్కలకు అడ్డంగా సన్నసన్నని ఆకుపచ్చ చారలు. పైరుపచ్చ కాదది, లోహపు పచ్చ. వెనుక రెక్కల దగ్గరకు వచ్చేసరికి ఆ సంయమనం అంతా పోతుంది. ఎరుపు, రాగిఛాయ, బంగారు, పచ్చ, నీలం ఒకదానిలో మరొకటి కరిగిపోతున్నట్లుగా పరచుకొని ఉంటాయి. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలయిందో గీత గీసి చెప్పలేము. వెనుక రెక్క ఒక్కొక్కదానికి కిందివైపు పొడవుగా సాగిన తోక. మొత్తం మీద చూసినవారెవరయినా ఇది సీతాకోకచిలుక అనే అంటారు. అన్నారు కూడా. ఆంస్టర్‌డాం నగరంలో పీటర్ క్రామర్ అనే వర్తకుడు దేశదేశాల సీతాకోకచిలుకలకు రంగుల బొమ్మలు వేయించి గ్రంథంగా వెలువరించడానికి పూనుకున్నాడు. ఆయన 1776లో గతించాడు గాని గ్రంథం ఆగలేదు. 1779లో వచ్చిన భాగంలో ఈ జమైకా ప్రాణి ‘పాపిలియో’ అన్న జాతినామంతో, అంటే నిక్షేపంగా సీతాకోకచిలుకగానే, లోకానికి పరిచయమయింది.

కాని ఇది సీతాకోకచిలుక కాదు. మనం చిమ్మెట అనే కీటకాల వర్గానికి చెందినది. సీతాకోకచిలుక మీసాలకు చివర చిన్న గుండు ఉంటుంది, అగ్గిపుల్ల తలలాగా. దీనికి ఆ గుండు లేదు. దారం వంటి మీసాలే. అయినా రాత్రి కాక పగటిపూట, నడి ఎండలో తిరిగేది. సీతాకోకచిలుక వేషం, చిమ్మెట వంశం. ఇంగ్లీషువారు దీనిని, మడగాస్కరులో నేటికీ బ్రతికివున్న దీని దాయాదిని కలిపి సూర్యాస్తమయపు చిమ్మెటలు అని పిలుచుకున్నారు. ఆ మడగాస్కరు దాయాదిది మరీ విచిత్రమైన కథ. లండనులో డ్రూరీ అనే సేకర్త 1773లో దానిని వర్ణించినప్పుడు అది చైనా నుంచో వంగదేశం నుంచో వచ్చిందని చెప్పుకున్నారు. పాపం అది మనకు పొరుగుదీ కాదు, చైనాదీ కాదు.

ఇక్కడ నావంటి తెలుగు పండితుడికి చిక్కు వచ్చి పడింది. దీనిని తెలుగులో ఏమనాలి?

‘సీతాకోకచిలుక’ మన భాషలోని అందమైన మాటలలో ఒకటి. సీత, కోక, చిలుక. మూడూ ఇంటి మాటలే. సీతమ్మవారి చీర ఎగిరివచ్చి చిలుకయిందా, చిలుకే సీతమ్మవారి చీర కట్టుకున్నదా అన్న తర్కం నేను తరగతిలో పెట్టేవాడిని. ఎనిమిదవ తరగతి పిల్లలు రెండు పక్షాలయి వాదించుకునేవారు. సమాసవిగ్రహం చెప్పమంటే బిక్కమొగాలు వేసే పిల్లలు కూడా ఈ వాదంలో గొంతు విప్పేవారు. కాని ఎంత అందమయినా ఆ మాట ఈ ప్రాణికి చెల్లదు. శాస్త్రం ఒప్పుకోదు.

పోనీ ‘చిమ్మెట’ అందామా? ఆ మాట వినగానే మనకు జ్ఞాపకం వచ్చేది ట్రంకుపెట్టెలో మడత పెట్టిన పట్టుబట్ట, దానికి పడిన చిల్లి. బూడిదరంగు పురుగు. పట్టుకుంటే వేళ్ళకు పొడి అంటుతుంది. ‘దీపపు పురుగు’ అందామంటే ఇది దీపం ముఖమే చూడలేదు. ‘శలభం’ అందామంటే, ఒకటి, ఆ మాటను ఇప్పుడు చాలామంది మిడతకు వాడుతున్నారు. రెండు, కావ్యాలలో శలభానికి దీపంలో పడి చావడం తప్ప వేరే ఉద్యోగం లేదు. ఈ ప్రాణిది ఆ చావు కాదు. అది తానై వెళ్ళి ఏ మంటలోనూ పడలేదు.

అమరసింహుడిని ఆశ్రయించాను. నావంటివాళ్ళకు చివరికి దిక్కు ఆయనే. సింహాదివర్గంలో శలభానికి పర్యాయంగా ‘పతంగ’ శబ్దాన్ని చెప్పాడు. నానార్థవర్గానికి వెళ్ళి చూస్తే అదే పతంగ శబ్దానికి పక్షి, సూర్యుడు అన్న అర్థాలు ఇచ్చాడు. రెక్కల పురుగు, పిట్ట, పొద్దు, ముగ్గురికీ ఒకే పేరు! సంక్రాంతికి తెలంగాణలో పిల్లలు ఎగరేసే పతంగిని కూడా ఈ కుటుంబంలోకి ఆహ్వానించవచ్చు. అస్తమించే సూర్యుడి పేరు పెట్టుకున్న ఒక రెక్కల పురుగుకు ఇంతకన్న తగిన మాట ఏ భాషలోనయినా దొరుకుతుందా? ‘సంధ్యాపతంగం’ అన్నాననుకోండి, సంధ్యవేళ సూర్యుడూ అదే, ఆ రంగుల పురుగూ అదే. శ్లేష దానంతట అదే అమరింది. నేను చేసినది ఏమీ లేదు.

ఇక రంగుల మర్మం. నాకు భౌతికశాస్త్రంలో ప్రవేశం తక్కువ. మా పాఠశాలలో ఆ పాఠం చెప్పిన మిత్రుడు విశ్రాంతి తీసుకున్నాక కూడా నా సందేహాలకు ఓపికగా బదులిస్తుంటాడు. నేను గ్రహించినంత వరకు చెబుతాను.

పువ్వు ఎర్రగా ఉన్నదంటే అందులో ఎర్రని ద్రవ్యం ఉంది. కలంకారీ అద్దకంలో మంజిష్ఠ ఉంది, కరక్కాయ ఉంది. రంగు అంటే ద్రవ్యం. ద్రవ్యం ఎండకు వెలుస్తుంది, ఉతికితే దిగుతుంది, కాలానికి మాస్తుంది. మన సంధ్యాపతంగపు రెక్కల మీద నలుపు ఒక్కటే అలాంటి ద్రవ్యం. మిగిలిన ఎరుపు, నీలం, పచ్చ, వీటికి ద్రవ్యమే లేదు. రెక్క నిండా పెంకులు కప్పినట్లు కంటికి ఆనని పొలుసులు ఉంటాయి. ఒక్కొక్క పొలుసులో పలుచని పొరలు, పొరకూ పొరకూ నడుమ గాలి. వెలుతురు ఆ పొరల మీద పడి తిరిగి వచ్చేటప్పుడు కొన్ని రంగులు ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, కొన్ని ఒకదానినొకటి హరించుకుంటాయి. వాన వెలసిన రోడ్డు మీద ఒలికిన నూనెచుక్కలో ఇంద్రధనుస్సు చూశారు కదా, అదే సూత్రం. నెమలి పింఛంలో ఉన్నదీ ఇటువంటి మాయే. ఈ వంశపు చిమ్మెటలలో ఇంకొక విశేషం ఉంది. పొలుసులు బల్లపరుపుగా ఉండవు, వంగి ఉంటాయి. ఒక పొలుసు ఒంపు మీద పడిన వెలుగు పక్క పొలుసుకు తగిలి అక్కడి నుంచి మన కంటికి వస్తుంది. రెండు రంగులు కలిసి మూడవది పుడుతుంది. మడగాస్కరు దాయాది రెక్కను తీసుకుని జపాను శాస్త్రజ్ఞులు 2007లో ఈ సంగతిని విపులంగా వివరించారు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా అమ్మ చీర గుర్తుకు వచ్చింది.

మా అమ్మకు ఒకే ఒక ధర్మవరం పట్టుచీర ఉండేది. నెమలికంఠం రంగు. మాది కర్నూలు జిల్లాలో మెట్టపొలాల ఊరు. ఆ చీర కొన్న ఏడు వానలు బాగా పడ్డాయట. మా నాయన జీవితంలో చేసిన దుబారా అదొక్కటేనని మా జేజి చివరిదాకా అంటుండేది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. అమ్మ నడుస్తుంటే కుచ్చిళ్ళలో నీలం పచ్చగా మారేది, పచ్చ నీలమయ్యేది. చిన్నతనంలో నేను ఆ చీరలో అసలు రంగు ఏదని అడిగితే, “కట్టుకుని కదిలితే గాని తెలీదురా” అనేది. అది రెండు రంగుల నూలు కలిపి నేసిన పనితనం. చిమ్మెట రెక్కలో జరిగేది వేరే సంగతి, అక్కడ రంగునూలే లేదు. తేడా నాకు తెలుసు. కాని చూసే కంటికి రెండింటి విద్య ఒకటే. నిలకడగా ఉంటే సగమే కనిపించడం, కదిలితే పూర్తి కావడం.

అమ్మ పోయి ఇరవైరెండేళ్ళయింది. చీర ఉంది. ట్రంకుపెట్టెలో, పాత ధోవతిలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచాము. ఏడాదికి ఒకసారి నా భార్య దానిని తీసి, మడతలు మార్చి, నీడపట్టున కాసేపు పరచి మళ్ళీ పెడుతుంది. మడత మార్చకపోతే మడత వెంబడే చిరుగుతుందట. రంగు ఏమాత్రం తగ్గలేదు. కాని మంచం మీద పరచిన చీర ఒక సమయంలో ఒకే రంగుగా ఉంటుంది. కదిలించే మనిషి లేదు.

లండనులోను, ఇతర చోట్లను మ్యూజియముల సొరుగులలో సంధ్యాపతంగాలు కొన్ని ఉన్నాయి. రెక్కలు పరచి, గుండుసూదులు గుచ్చి, కింద చిన్న చీటీ పెట్టి. పురుగు పట్టకుండా ఆ సొరుగులలోనూ చాలాకాలం కలరా ఉండలే వేసేవారు. మందుల్లో ఆ మేరకు మనకూ వారికీ సమానత్వం ఉంది. ద్రవ్యం వలన కలిగిన రంగు కాదు కనుక వాటి వన్నె వందేళ్ళు దాటినా తరగలేదు. 1890లలో జమైకా ఎండలో ఎంత మెరిసేదో ఇవాళ దీపం కింద అంత మెరుస్తుంది. సూది గుచ్చినవాడు పోయాడు, చీటీ మీది సిరా వెలిసింది, రెక్క మీది ఎరుపు మాత్రం అలాగే ఉంది. దాని రూపం దానికి ఇంత విశ్వాసంగా ఉండిపోవడం నన్ను కొన్ని రోజులు కలవరపెట్టింది.

అది బ్రతికి ఉండగా చూసి వ్రాసినవారు తక్కువ. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లీషు ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1844 చివర జమైకా చేరి, దీవి నైరుతి తీరాన బ్లూఫీల్డ్స్ అనే చోట మకాం పెట్టి, ఏడాదిన్నరపాటు పక్షులనూ పురుగులనూ పరిశీలించాడు. 1851లో ఆ అనుభవాలను గ్రంథంగా ప్రకటించాడు. సంధ్యాపతంగం ఆయన మనసును ఎంతగా పట్టుకున్నదంటే, 1881లో, డెబ్బైయొక్క ఏళ్ళ వయసులో, ముప్పయ్యయిదేళ్ళనాటి దానిని తలచుకొని ఒక కీటకశాస్త్ర పత్రికలో వ్యాసం వ్రాశాడు. అప్పటికి ఆ పురుగు ఇంకా బ్రతికేవుంది. ఆయన 1888లో పోయాడు. పతంగం ఆయన కన్న కొద్ది సంవత్సరాలే ఎక్కువ బ్రతికింది. 1894, 95 ప్రాంతాల తరువాత దానిని చూశామన్న గట్టి ఆధారాలు లేవు. 1908 దాకా ఉండివుండవచ్చుననే వారు కూడా ఉన్నారు.

గాస్ గారిని గురించి ఒక పిట్టకథ. ఆయన గొప్ప దైవభక్తుడు. 1857లో ‘ఓంఫలోస్’ అని ఒక గ్రంథం వ్రాశాడు. గ్రీకులో ఆ మాటకు నాభి, అంటే బొడ్డు, అని అర్థం. తల్లి కడుపున పుట్టని ఆదాముకు బొడ్డు ఉన్నదా అన్నది అందులో ప్రశ్న. ఉన్నదనే ఆయన వాదం. సృష్టి ఆరంభంలోనే లోకం పాతబడినట్లుగా పుట్టిందని ఆయన సిద్ధాంతం. లోకులు నవ్వారు. తమాషా ఏమంటే, సంధ్యాపతంగపు గొంగళిపురుగులు తినే చెట్టు పేరు ఓంఫలియా. అదే నాభిశబ్దం. ఆ పేర్లు పెట్టినవారు ఒకరినొకరు ఎరుగరు. పదాల వెంట తిరిగేవాడికి ఇటువంటివి దారిలో దొరికే చిల్లరడబ్బులు.

ఆ ఓంఫలియా మన ఆముదపు కుటుంబానికి చెందినది. ఈ సంగతి తెలిసినప్పుడు దూరదేశపు వృత్తాంతం ఒక్కసారిగా మా చేను గట్టు మీదికి వచ్చి కూర్చున్నట్లయింది. ఆముదం చేలో దాసరి పురుగు పడితే ఎలా ఉంటుందో మెట్టరైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. వీపు విల్లులా వంచి, కొలత వేస్తున్నట్లు నడుస్తూ, నాలుగు రోజులలో ఆకు మొత్తం తిని ఈనెలు మిగుల్చుతుంది. పెద్దదయ్యాక అదీ ఒక చిమ్మెటే. మా నాయన దాన్ని ఏరించి నీళ్ళలో వేయించేవాడు. డబ్బాకు ఇన్ని పైసలని మాకు కూలి ఉండేది.

సంధ్యాపతంగపు పిల్లకు ఆముదం పనికిరాదు. దానికి ఓంఫలియాయే కావాలి. మడగాస్కరులోని దాయాదికీ, తూర్పు ఆఫ్రికాలో, న్యూగినీ, ఆస్ట్రేలియాలలో, మధ్య దక్షిణ అమెరికాలలో ఉన్న తక్కిన జ్ఞాతులకూ అదే చెట్టు. క్యూబాలో ఉండే దాయాది సంగతి మెక్లే అనే ఆయన 1834లోనే వ్రాశాడు. సముద్రాల కావల సముద్రాలలో విడిపోయినా కంచం మాత్రం మార్చుకోలేదు.

ఆ ఆకులో విషం ఉంటుంది. రసాయనశాస్త్రజ్ఞులు ఆ విషాన్ని పరిశీలించి, దాని నిర్మాణం చక్కెరను పోలినదని తేల్చారు. చక్కెర వేషం వేసుకుని శరీరంలోని జీర్ణక్రియలను మోసం చేసే ద్రవ్యం. యురేనియా వంశపు పురుగులు దానిని తిని, హరాయించుకుని, తమ ఒంట్లోనే దాచుకుంటాయి. పనామాలో నీల్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి ఈ వంశంలో బ్రతికివున్న వాటి వెంటపడి ఒక ఊహ చేశాడు. పురుగులు తరతరాలుగా ఒకే చోటి చెట్లను తింటూ పోతే చెట్లు విషం పెంచుకుంటాయి. ఒక హద్దు దాటాక పురుగులకు కూడా అది మించిపోతుంది. అప్పుడు పెద్దవైన చిమ్మెటలు గుంపులు గుంపులుగా లేచి, విషం ఎక్కని చెట్లను వెదుక్కుంటూ వలసపోతాయి. కొన్ని సంవత్సరాలలో మధ్య అమెరికా మీదుగా లెక్కకు అందనన్ని పోతాయి, కొన్ని సంవత్సరాలలో పెద్దగా కనిపించవు. అంటే ఈ ప్రాణికి ఒక తోపు ఉంటే చాలదు. అలిగిన తోపు అలక తీర్చుకునేదాకా తలదాచుకోవడానికి ఇంకొక తోపు, ఆపైన మరొకటి కావాలి.

దీవి అన్నాక తోపులు లెక్కలోనే ఉంటాయి. ఖండంలో ఉన్నవాటికి ఎగిరిపోవడానికి మరొక దేశం ఉంది. జమైకా పతంగానికి ఎటు ఎగిరినా సముద్రమే.

ఆ తోపులు ఏమైనాయో చెప్పడానికి ఇప్పుడు పేరులోని మనిషి దగ్గరకు రావాలి. హాన్స్ స్లోన్. వైద్యుడు. 1687లో జమైకాకు గవర్నరుగా వెళ్ళిన ప్రభువు వెంట వైద్యుడిగా వెళ్ళి పదిహేను నెలలు అక్కడ ఉన్నాడు. ప్రభువు బ్రతకలేదు గాని వైద్యుడు ఎనిమిది వందల మొక్కలు ఎండబెట్టి తెచ్చుకున్నాడు. తిరిగి వచ్చాక అతడు పెండ్లాడిన ఆమె, జమైకాలో చెరకుతోటలున్న ఒక వ్యక్తి వితంతువు. ఆ తోటల రాబడిలో భాగం ఆమె ద్వారా ఇతడికి వచ్చింది. తోటలలో పనిచేసినవారు ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలు. ఆ సొమ్మూ, వైద్యంలో గడించిన సొమ్మూ పెట్టి అతడు పుస్తకాలు, నాణేలు, మొక్కలు, పురుగులు జీవితాంతం సేకరించాడు. 1753లో తొంభైరెండేళ్ళ వయసులో పోతూ, తన వారసులకు ఇరవైవేల పౌండ్లు ఇస్తే సేకరణ దేశానిదని వీలునామా వ్రాశాడు. బ్రిటిష్ మ్యూజియం అలా పుట్టింది. 2020లో ఆ మ్యూజియం వారే అతడి విగ్రహాన్ని పీఠం మీది నుంచి దించి, బానిసత్వంతో అతడికున్న సంబంధాన్ని తెలిపే వివరణతో గాజుబీరువాలో పెట్టారు.

చెరకుకు చదునైన నేల, సారమున్న నేల కావాలి. పల్లపు అడవి కొట్టారు. చెరకు తరువాత అరటి వచ్చింది, ఇతర పైరులు వచ్చాయి. నరకని తోపుల నడుమ ఎడం పెరిగింది. పతంగం నశించడానికి ఇదే ప్రధాన కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తనను పోగుచేసి దాచినవాడి పేరే ఆ పురుగు మోస్తున్నది. తన అడవిని కొట్టించిన పంటలో వాటా ఉన్నవాడి పేరు కూడా అదే. చక్కెర వంటి విషాన్ని జీర్ణించుకోగలిగిన ప్రాణి అసలు చక్కెరకు లొంగిపోయింది. నేను కవిని కాను, ఇది నా చమత్కారం కాదు, జరిగినదే ఇలా ఉంది.

ఈ కథలో మనవాళ్ళు కూడా ఒక మూల ఉన్నారు. బానిసత్వం రద్దయ్యాక తోటలకు కూలీలు కావలసివచ్చి, ఒడంబడిక మీద భారతదేశం నుంచి మనుషులను ఓడలకెక్కించారు. మొదటి ఓడ 1845 మే నెలలో జమైకాలో ఓల్డ్ హార్బర్ రేవున ఆగింది. గాస్ అప్పుడు బ్లూఫీల్డ్స్‌లో పురుగులు పడుతున్నాడు. 1917లో ఆ పద్ధతి ఆగేవరకు ముప్పయ్యారువేల మందికి పైగా వెళ్ళారు. ఎక్కువమంది గంగామైదానపు వారు. వారు చెరకుతోటలో దిగిన తరువాత దాదాపు అర్ధశతాబ్దం పాటు సంధ్యాపతంగం ఆ దీవి గాలిలో తిరుగుతూనే ఉంది. పతంగ శబ్దం సూర్యుడికీ చెల్లుతుందన్న సంగతి వారిలో ఏ ఒక్క పురోహితుడి కొడుక్కైనా తెలిసివుంటే, ఆ మెరుపును ఎండలో చూసి ఆ మాట అప్రయత్నంగా నోట వచ్చివుంటుందని ఊహించుకోవడం నాకు ఇష్టం. అది ఊహే.

ఆ దీవిలో ఇప్పటికీ ఒక అసలైన సీతాకోకచిలుక మహా ప్రమాదంలో ఉంది. హోమరు మహాకవి పేరు పెట్టుకున్నది, నలుపు మీద పసుపుపట్టె ఉన్నది. జానెడు కొలత వచ్చే రెక్కలది. పశ్చిమార్ధగోళపు సీతాకోకచిలుకలలో అన్నిటికన్న పెద్దది. జమైకాలో తప్ప మరెక్కడా లేదు. అక్కడ కూడా తూర్పున కొండల మీద ఒక గుంపు, నడుమ పడమర భాగాన ఒక గుంపు, అంతే. రెండింటికీ మధ్య పొలాలూ ఊళ్ళూ. 1987 నుంచి దానిని కొనడం అమ్మడం అంతర్జాతీయంగా నిషిద్ధం. ఈ వివరాలు చూసినప్పుడు నాకు ఓంఫలియా తోపుల లెక్క గుర్తుకు వచ్చింది.

2016లో సంధ్యాపతంగం గురించి మరొక కబురు వచ్చింది. మ్యూజియములలో శతాబ్దం పైగా పడివున్న నమూనాల నుంచి జన్యుద్రవ్యాన్ని, ముక్కలుముక్కలుగా అయినా, శాస్త్రజ్ఞులు తీయగలిగారు. బ్రతికివున్న జ్ఞాతులతో పోల్చి దాని వంశవృక్షంలో దాని కొమ్మ ఎక్కడిదో చూశారు. నేను ఈ సంగతి చెబుతుండగా మా మనవరాలు విని, “అయితే తాతా, మళ్ళీ పుట్టిస్తారా?” అంది. పుట్టించడానికి కాదమ్మా, దాని బంధువులెవరో తెలుసుకోవడానికి అన్నాను. “చచ్చిపోయాక బంధువులు తెలిస్తే ఏం లాభం?” అంది. పదేళ్ళ పిల్ల. మా ఇంట్లో లేని దానికి పేరెందుకని అడిగిందీ తనే. ఆ ప్రశ్నకు మాత్రం నేను బదులు చెప్పాను. పేరు లేకపోతే, అది పోయిందన్న వాక్యం తెలుగులో చెప్పడానికి కర్త ఉండదు. కర్త లేని వాక్యం నీవు పరీక్షలో వ్రాస్తే నేను మార్కు వేయను. తాను తెలుగు మాధ్యమంలో చదవడం లేదని గుర్తు చేసి వెళ్ళిపోయింది.

ఈ సమాసం మీద మీలో వ్యాకరణం తెలిసినవారికి ఒక అభ్యంతరం తోచవచ్చు. సూర్యాస్తమయం అనడానికి ఒట్టి ‘సంధ్య’ చాలదు, ఉదయసంధ్య కూడా సంధ్యే కదా అని. ‘సాయంపతంగం’ అని దిద్దవచ్చు. శబ్దం నాకు రుచించలేదు. ‘మలిసందె పురుగు’ అని అచ్చతెలుగులో అందామా అని ఒక మిత్రుడు ఫోనులో అన్నాడు. ‘పురుగు’ దగ్గర నాకు మనసు ఒప్పలేదు గాని ‘మలిసందె’ను వదలబుద్ధి కావడం లేదు. ‘మలిసందె చిలుక’ అంటే ఎలా ఉంటుంది? శాస్త్రం ఒప్పుకుంటుంది, చిలుక అన్నంత మాత్రాన సీతాకోకచిలుక అయిపోదు. మీకు ఏది బాగున్నదో, లేక ఇంతకన్న మంచిది ఏదైనా తోచిందో, వీలుచూసుకుని కింద వ్రాయండి.